నీవు జీవించి ఉన్నచో

ఫోన్ పర్సులో అదిరింది. సత్ప్రసాదం వరుసలో నా ముందు కొద్దిమందే మిగిలారు, చేతులు జోడించుకుని తలలు వంచి నెమ్మదిగా జరుగుతున్నారు, పాటల బృందం రెండో చరణం ఎత్తుకుంది, నేనేమో పర్సు జిప్పు తీయాలా వద్దా అని దేవుడితో బేరం పెట్టుకున్నాను. ఒక్కసారి చూస్తాను ప్రభువా, ఒక్కసారే, ఇవాళ ఏం జరగబోతోందో నీకు నేను చెప్పాలా. చూశాను. మా ల్యాబు రాఘవేందర్ సార్ పంపిన మెసేజు, తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో: నీళ్లసంచి కనబడుతున్నది, జల్ది రా. పూజ మధ్యలో గంతులేస్తే బాగుండదని ఆపుకున్నాను గాని కాళ్లు నా మాట వినలేదు, ముందున్న పెద్దావిడ మడమ తొక్కేశాను, ఆవిడ వెనక్కి తిరిగి ఉరిమి చూసింది, ఇంకో ఆదివారమైతే నేనూ తక్కువ తినేదాన్ని కాదు, ఇవాళ మాత్రం పళ్లన్నీ కనబడేలా నవ్వాను. ఫాదర్ సాముయేలు అప్పాన్ని పైకెత్తి "క్రీస్తు శరీరం" అన్నారు. "ఆమెన్" అన్నాను, ఎంత గట్టిగా అన్నానంటే ఆయన కళ్లద్దాల మీదుగా ఒక్క క్షణం నన్ను చూశారు, సంగతి అర్థమైనట్టుంది, నవ్వును పెదవి చివరే మింగేసి పక్కవాళ్ల వైపు తిరిగారు. అమ్మ బెంచీ దగ్గర మోకాళ్ల మీద ఉంది. చెవిలో చెప్పాను. కళ్లు తెరవకుండానే, "పో బిడ్డా, ప్రసవం కాడికి పొయ్యేటోళ్లను దేవుడు ఆపడు, నీ వంతు జపం గూడ నేనే చెప్త," అంది. చెప్పులు చేత్తో పట్టుకునే చర్చి మెట్లు దిగాను, చేవెళ్ల చౌరస్తాలో మొయినాబాద్ ఆటో కదలబోతుంటే చెయ్యెత్తి కేకేశాను.

ఆటోలో వెనకంతా బంతిపూల బస్తాలూ, వాటి మధ్య ఇరుక్కున్న ఆడవాళ్లూ. డ్రైవరు పక్కన సగం సీటు నాకు దొరికింది, మిగతా సగం గాలి. నాలుక మీద అప్పం ఇంకా పూర్తిగా కరగలేదు. దేవుడు నా నోట్లో, బర్రె కనకమామిడి కొట్టంలో, నేను మధ్యలో ఆటోలో. "జర జల్ది పోనీ అన్నా, డెలివరీ ఉన్నది," అన్నాను. పాపం అతను నిజంగానే తొక్కాడు, రెండు లారీలను దాటించాక "ఏ దవాఖానల అక్కా? ఎవరికి?" అని అడిగాడు. "బర్రెకు," అన్నాను. వెనక బస్తాల్లోంచి నవ్వులు లేచాయి. "బర్రె ఈనెతందుకు గింత ఉరుకుడా, మేము మా కోడండ్ల కాన్పులకు గూడ గింత ఉరకలే," అంది ఒకావిడ. నేనూ నవ్వాను, నవ్వుతూనే లోపల అంటున్నాను, మామూలు బర్రె కాదమ్మా, దాని కడుపులో ఉన్నదానికి తండ్రి లేడు, అసలు దాని కడుపులో ఉన్నది దానిదే కాదు, పోయిన ఏడాది పాము కరిచి చచ్చిపోయిన ఇంకో బర్రె మళ్లీ పుట్టబోతోంది, పుట్టించింది ఎవరనుకున్నారు, మీ ముందు సగం సీటు మీద వేలాడుతున్న ఈ అరుణజ్యోతే. గర్వం పాపమని తెలుసు. అప్పం ఇప్పుడే తిన్నాను, కాసేపు ఆగి గర్వపడతాను.

సురంగల్ శంకరయ్య దగ్గర చుక్క అని ఒక బర్రె ఉండేది. నుదుటి నడిమధ్య రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ, అందుకే ఆ పేరు. బకెట్టు నిండితే గాని కాలు కదపని బర్రె, ఆ చుట్టుపక్కల దాని పాలు తాగని ఇల్లు లేదు. దాని చెవి అంచు నుంచి పెసరగింజంత చర్మం నేనే తీశాను. తర్వాత చుక్క పోయింది, శంకరయ్య పొలం కూడా ఎవరిదో ఫాంహౌసులో కలిసిపోయింది, ఆయన మా కొట్టంలో పశువులను చూసుకునే పనికి చేరాడు, ఆ చర్మం మాత్రం ల్యాబులో గడ్డకట్టించే చలిలో బతికే ఉంది. పట్నం కబేళా నుంచి వచ్చిన అండాశయాల్లోంచి గుడ్లు తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కొక్కదాన్నీ సన్నటి బ్లేడుతో చేత్తోనే కోసి, దాని సొంత కేంద్రకాన్ని తీసేసి, ఖాళీ చేసినచోట చుక్క చర్మ కణాన్ని చేర్చి, రవ్వంత కరెంటు తాకిస్తే రెండూ ఒకటవుతాయి. పెద్ద పెద్ద మిషన్లతో చేసే చోట్ల కూడా ఆ కోత దగ్గరే తిప్పలు పడతారట. నాకు చేత్తోనే వస్తుంది, ఊపిరి బిగబట్టి బ్లేడు దించుతాను, గుడ్డు కదలదు, నేను కదలను. వారం రోజులు వెచ్చటి పెట్టెలో పెంచి, నిలబడినదాన్ని ఇంకో బర్రె కడుపులో పెడతాం. నిలబడనివి ఎన్నో. ఆ లెక్క రాఘవేందర్ సార్‌కు నోటికి వచ్చు, వాళ్లది చేవెళ్ల బజార్లో తాతల నాటి దాణా దుకాణం మరి, పశువుల డాక్టరు చదివినా ఆయన చూపు తక్కెడ చూపే.

కరెంటు మీట నొక్కే ముందు నేను సిలువ గుర్తు వేసుకుంటాను, అది నా అలవాటు. సార్ మొదట్లో ముసిముసిగా నవ్వేవాడు. చుక్క కణం నిలబడ్డాక నవ్వడం మానేసి, "జ్యోతీ, నువ్వు దండం పెట్టినయే నిలబడుతున్నయి, మర్చిపోకు," అని ప్రతిసారీ గుర్తుచేయడం మొదలుపెట్టాడు. శంకరయ్య అయితే ఇంకా రెండాకులు ఎక్కువే చదివాడు, ఒకరోజు గడ్డి మోపు దించుతూ, "తండ్రి లేకుండ పుట్టుడు మీకు కొత్తేం గాదు గద మేడం, గింత ఫికరెందుకు?" అన్నాడు. నేను నవ్వి నవ్వి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఇంటికెళ్లి అమ్మకు చెబితే ముందు చెంపలేసుకుంది, ఆ తర్వాత చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నీకు కోపం రాలేదు కదా ప్రభువా, వచ్చి ఉంటే ఇవాళ నీళ్లసంచి కనబడేదా, పది నెలల పాటు ఆ బర్రె కడుపు మీద చెయ్యి వేసి నేను చెప్పిన మంగళవార్త జపాలన్నీ నువ్వు వినే ఉంటావు, వినకపోతే మరియమ్మ అయినా విని ఉంటుంది, ఆమెకు కొట్టం కొత్త కాదు.

ఎదురుగా పట్నం వైపు నుంచి కార్లు, ఆదివారం కదా, సాఫ్ట్‌వేర్ పిల్లలు అద్దాలు దించి పాటలు పెట్టుకుని ఫాంహౌసులకు పోతున్నారు, నిరుడు జొన్న ఉన్నచోట ఈ ఏడాది ప్లాట్ల రాళ్లు, రాళ్ల మధ్య ఇంకా జొన్న మోళ్లు. అంతా ఉరుకుతున్నారు, నేనొక్కదాన్నే ఉరకడం లేదు ఈ దేశంలో, అందుకే ఈ ఆటో మీద నాకింత కోపం, తొక్కన్నా తొక్కు. ఇంజనీరింగు కాలేజీ గేటు వెనక్కి పోయింది, భవిత చదివే కాలేజీ, ఆ గేటు పక్కన ఆమె చక్రాల కుర్చీ ఎక్కడానికని వాళ్ల నాన్న పోయించిన సిమెంటు వాలు కూడా కనబడింది. భవిత. బర్రె కడుపులోని దుడ్డె బతికితే ఆ రోజే జవాబు చెప్పాలి నేను. దుడ్డె బతకాలి, బతికి తీరాలి, బతికిన నిమిషం నుంచి సార్ నా నోటి వైపు చూస్తాడు.

భవిత సార్‌కు ఒక్కతే కూతురు. కండరాలు కొద్దికొద్దిగా కరిగిపోయే జబ్బు. మెట్లు ముందు పోయాయి, తర్వాత నడక, ఇప్పుడు కీబోర్డు మీద వేళ్లు నెమ్మదిస్తున్నాయి. నోరు మాత్రం నెమ్మదించలేదు. "హైటెక్ సిటీలనే జాబ్ చేస్త అక్కా, కూసోని చేసే పనే గద, నాకన్న మంచిగ ఎవలు కూసుంటరు?" అంటుంది. ఆ పిల్ల కోసమే సార్ గండిపేట దారిలో అద్దాల గది కట్టించాడు, అక్కడ బర్రెల పని కాదు, మనుషుల పని. భవిత చర్మంలోంచి ఒక కణం, ఎవరో ఇచ్చిన గుడ్డు, నా బ్లేడు, నా కరెంటు మీట. ఐదో రోజుకు పిండమైనదాన్ని విడగొట్టి లోపలి కణాలు తీసుకుని, వాటిలో జబ్బు తెచ్చే తప్పును దిద్ది, కండగా పెంచి భవితకు ఎక్కించాలి. అనుమతి కాగితాలు నడుస్తున్నాయట. "పిల్లను పుట్టించం జ్యోతీ, కడుపుల పెట్టం, ఉత్త కణాలే," అన్నాడు సార్. "దుడ్డె బతికి బయటవడ్డదంటే నీ చెయ్యికి తిరుగు లేనట్టే. ఆ దినమే నాకు మాట చెప్పు. నువ్వొస్తనంటె మొదలువెడ్త. వేరేటోళ్ల చెయ్యి నా బిడ్డ మీద పడనియ్య." అంతవరకు నాకు బిడ్డ అనే మాట ఆయన నోట అంత మెత్తగా వినబడలేదు. నాకు చేయాలని ఉంది. ఎంత ఉందంటే, ఆ అద్దాల గదిలోకి చూసి వచ్చిన రోజు నా వేళ్లు అన్నం కలుపుతూ కూడా బ్లేడు పట్టుకున్నట్టే కదిలాయి. భవిత లేచి నిలబడటం, కాలేజీ గేటు ముందు ఆ సిమెంటు వాలును కాలితో తన్ని మెట్ల మీదుగా పోవడం, నేను చూడగలను, కళ్లు మూసుకోనక్కర్లేదు.

ఫాదర్ సాముయేలుకు పాపసంకీర్తనంలో చెప్పాను, ఇది పాపమో కాదో తెలియదు ఫాదర్, అయినా చెబుతున్నాను అని. గుంటూరు వైపు మనిషి, పాడి ఇంట్లో పుట్టినవాడు, బర్రె సంగతి వినగానే జాలీ అవతల నుంచి "పాలెన్నిస్తుందమ్మా?" అన్నారు. పశువుల విషయంలో తిరుసభకు, అంటే మా చర్చికి, పేచీ లేదు, వాటిని హింసపెట్టకు చాలు అన్నారు. భవిత సంగతీ చెప్పాను. "ఒక మనిషిని ఇంకో మనిషికి మందుగా చేయకూడదమ్మా, ఆ మనిషి ఎంత చిన్నదైనా," అన్నారు. నేను ఊరుకుంటానా, పాపసంకీర్తనంలో అలా వాదించకూడదని తెలుసు, అయినా, ఐదు రోజులదాన్ని మనిషని ఎట్లా అంటారు ఫాదర్, గుండె లేదు, నరం లేదు, దాన్ని రెండుగా విడదీస్తే కవలలవుతాయి, ఆత్మ ఉంటే అది కూడా రెండవుతుందా అని అడిగాను. "నాకు తెలియదమ్మా," అన్నారు. అంతే. దబాయించలేదు, గ్రంథం తీయలేదు, తెలియదన్నారు. కోపంగా లోపలికి వెళ్లినదాన్ని ఆ మనిషి మీద ఇంత ప్రేమతో బయటికి వచ్చాను, ప్రశ్న మాత్రం నాతోనే వచ్చింది, ఇదిగో ఆటో కూడా ఎక్కింది.

మెడ మీద చల్లగా పడింది. వెనకావిడ పూలు వాడకుండా సీసాలోంచి నీళ్లు చిలకరిస్తోంది, "మీద వడ్డయా బిడ్డా?" అంటోంది, పడితే పడ్డాయి, ఈ చల్లదనం నాకు తెలుసు. సిస్టర్ల దవాఖానలో అమ్మ ఆయా, సక్కుబాయి అంటే ఆ వార్డులో తెలియనివాళ్లు లేరు. ఊపిరందని బిడ్డ పుడితే, తల్లిదండ్రులు మావాళ్లయితే, ఫాదరు వచ్చేదాకా ఆగలేమనుకుంటే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు, అమ్మ చెయ్యి కడుక్కుని మంచినీళ్లు దోసిట్లో తీసుకుని తల మీద పోసేది, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను. బడి అయ్యాక నేను అక్కడే కూర్చుని చదువుకునేదాన్ని. ఒకరోజు ఎవరికో కడుపు నిలవక పోయింది, స్టీలు గిన్నెలో బొటనవేలంత ఉంది, మనిషి ఆకారం ఉందంటే ఉంది లేదంటే లేదు. అమ్మ దాని మీద కూడా నీళ్లు పోసింది. మాట మాత్రం మార్చింది: నీవు జీవించి ఉన్నచో. "అది బతికి లేదు గదమ్మా?" అన్నాను. "నాకేమెరుక?" అంది. "తెల్వనప్పుడు పొయ్యాలె. తెల్వదని పారేస్తరా ఎవలన్నా?" అని, గిన్నె మీద తెల్లగుడ్డ కప్పి, నన్ను లెక్కలు చేసుకొమ్మంది.

మరి డిష్‌లో పెరిగే పిండానికో అమ్మా? దానికీ పోస్తావా? ల్యాబు మనిషిని కాబట్టి నాకు ముందు వచ్చిన ఆలోచన ఏమిటంటే, మంచినీళ్లు పోస్తే అది ఉబ్బి పగిలి చస్తుంది, ఉప్పూ చక్కెరా కొలిచి కలిపిన ద్రవంలోనే అది బతుకుతుంది, జ్ఞానస్నానమే దాని ప్రాణం తీస్తుంది. ఆటోలో పైకే నవ్వేశాను, డ్రైవరు ఓరగా చూశాడు. నవ్వు అయిపోగానే నాలో రెండో జ్యోతి, ఇంత వాదన పెట్టే జ్యోతి, నడుము మీద చేతులు వేసుకుని లేచి నిలబడింది: ఆ గిన్నెలోదానికి 'ఉన్నచో' కావాలి, డిష్‌లోదానికి 'ఉన్నచో' కావాలి, భవితకు అక్కర్లేదు కదా, భవిత ఉంది, నిశ్చయంగా ఉంది, వేళ్లు వంగడం లేదని నాకు చూపించి జోకు వేసి పక్కకు తిరిగి ఏడ్చింది. తెలియనిదాని కోసం తెలిసినదాన్ని వదిలేస్తావా? చెప్పు ప్రభువా. నువ్వు నా కడుపులోకి దిగేశావు కదా, లోపలి నుంచైనా చెప్పు. గుడ్డే లేకుండా, చర్మ కణాన్నే పట్టుకుని వెనక్కి వెనక్కి నడిపించి మొదటిలాంటి దాన్ని చేసే దారి ఒకటి జపానువాళ్లు కనిపెట్టారు, అది చదివిన రోజు నేను ల్యాబులో కుర్చీ మీంచి లేచి కేక పెట్టాను. కాని ఆ దారి పచ్చిగా ఉంది, అలా చేసిన కణం పుండై కాన్సరై కూర్చుంటుందేమోనన్న భయం ఉంది, ఇక్కడ ఎవరికీ చేతకాదు, నాకూ చేతకాదు, నేర్చుకునేసరికి భవిత వేళ్లు ఏమవుతాయో. "కనకమామిడి, దిగుండ్రి," అన్నాడు డ్రైవరు. చిల్లర తీసుకోలేదు, పరుగెత్తాను.

కొట్టం ముందు భవిత కుర్చీ. పొద్దున్నుంచీ ఇక్కడే ఉందట, వాళ్ల అమ్మ శారదాదేవి వద్దంటే వినలేదట. "అక్కా, కాళ్లొచ్చినయ్! రెండు కాళ్లొచ్చినయ్, ముక్కు గూడ!" అని అరిచింది. లోపల రాఘవేందర్ సార్ భుజాల దాకా తడిసి ఉన్నాడు, శంకరయ్య బర్రె తల దగ్గర కూర్చుని దాని చెవి నిమురుతున్నాడు. పట్టుచీర అయితే ఏమైంది, కొంగు బిగించి గడ్డిలో కూర్చున్నాను. "తాడు వట్టు. అది ముక్కినప్పుడే గుంజు, ఊకె గుంజకు," అన్నాడు సార్. బర్రె ముక్కింది, మేం లాగాం, బర్రె ఆగింది, మేం ఆగాం, మళ్లీ ముక్కింది, నాకు ఆ క్షణంలో తిరుసభ లేదు, అద్దాల గది లేదు, ఆ జారుడు కాళ్లూ ఆ తాడూ తప్ప సృష్టిలో ఇంకేమీ లేదు. తల వచ్చింది. భుజాల దగ్గర ఆగింది, క్లోన్ దుడ్డెలు పెద్దవిగా ఉంటాయి, ఇక్కడే పోతాయి చాలా, సార్ పక్కకు తిప్పాడు, "ఇప్పుడు!" అన్నాడు, లాగాను, ఒక్కసారిగా మొత్తం నా ఒడిలోకి వచ్చి పడింది, వేడిగా, బరువుగా, నల్లగా, కదలకుండా.

కదలకుండా. నోట్లో వేళ్లు పెట్టి జిగురు తీశాను. గోనెపట్టతో ఒళ్లంతా రుద్దాను. సార్ వెనక కాళ్లు పట్టి ఎత్తాడు, ముక్కులోంచి నీళ్లు కారాయి, అయినా ఊపిరి లేదు. నేను ఏం జపం మొదలుపెట్టానో, ఏది ఎక్కడ వదిలేశానో తెలియదు, గడ్డిపోచ తీసి దాని ముక్కులో దూర్చి తిప్పాను, రా, రా తల్లీ, రావే, ఇంత దూరం వచ్చి వాకిట్లో ఆగుతావా. తుమ్మింది. అంత గట్టి తుమ్ము నేను జన్మలో వినలేదు, నా ముఖమంతా తుంపర. "తుమ్మింది! డాడీ, తుమ్మింది!" అని భవిత కుర్చీ చేతులను కొడుతోంది, సార్ ఏడుస్తున్నాడు, నేను దుడ్డెను వాటేసుకుని నవ్వుతున్నానో ఏడుస్తున్నానో, రెండూ కలిపే చేస్తున్నాను, సృష్టికర్తా, నీ పని మీద నాకు చెయ్యి వెయ్యనిచ్చావు, నాలాంటి నోటి దురుసుదానికి వెయ్యనిచ్చావు. ముఖం తుడిచాను. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది! కాని నడిమధ్య లేదు, ఎడమ కంటి పైకి జరిగి ఉంది, గుండ్రంగా కూడా లేదు, పొడుగ్గా, వంకరగా.

శంకరయ్య దగ్గరికి వచ్చాడు. చుక్కను పిలవడానికి ఆయన నాలుకతో ఒక చప్పుడు చేసేవాడు, చెరువు అవతల ఉన్నా చుక్క తల ఎత్తేదట. ఆ చప్పుడు చేశాడు. దుడ్డె చెవి కదిపింది, కదిపి, ఆయన వైపు కాకుండా తనను కన్న బర్రె రొప్పుతున్న వైపు తిప్పింది. ఆయన మళ్లీ చేశాడు. తర్వాత మానేశాడు. "ఇది చుక్క గాదు మేడం," అన్నాడు, బాధపడుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను, కళ్లు తడిగానే ఉన్నాయి గాని నవ్వుతున్నాడు. "ఇది వేరేది. మంచిగనే ఉన్నది, వేరేది." నాకది తెలియదా, పుస్తకాల్లో చదవలేదా, మచ్చలు మారతాయని, గుణాలు మారతాయని, క్లోన్ అంటే ఆలస్యంగా పుట్టిన కవల అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకోలేదా. తెలిసింది ఇప్పుడు, ఒడిలో ఇంత బరువు ఉండగా. ఇది ఎప్పుడు మొదలైంది? ఇవాళ కాదు, ఈ బర్రె కడుపులో పెట్టిన రోజునా కాదు, నేను సిలువ వేసుకుని మీట నొక్కిన పూట మొదలైంది. ఆ పూట నుంచి ఇది ఇదే. ఐదో రోజున నేను దీన్ని విడగొట్టి ఉంటే పోయేది చుక్క కాదు, చుక్క అప్పటికే పోయింది, పోయేది ఈ వంకర మచ్చది, ఈ తుమ్మినది. అద్దాల గదిలో డిష్‌లో ఉండేది భవిత ముక్క కాదు. నేనెప్పుడూ చూడని ఇంకొక పిల్ల. జవాబు దొరికినందుకు నాకు ఇంకా ఎక్కువ సంతోషంగా ఉంది, ఆ సంతోషం భవిత ముందు ఎలా దాచుకోవాలో మాత్రం తెలియలేదు.

సార్ బకెట్లో చేతులు కడుక్కున్నాడు. దుడ్డెను ఎత్తుకొచ్చి భవిత ఒడి దగ్గర నిలబెట్టి పట్టుకున్నాను, దాని కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకు పోతున్నాయి, భవిత తన వేళ్లు దాని నోటికి అందించింది. "ఇగ చెప్పు జ్యోతీ," అన్నాడు సార్.

"చెయ్యను సార్. మనుషులది నేను చెయ్యను."

"మీ ఫాదర్ చెప్పిండా?"

"చెప్పిండు. కని ఆయన మాటకు నేను వినలే సార్, వాదించిన. ఈ దుడ్డెను జూసినంక ఇగ నాతోని గాదు. దీన్ని విడగొట్టనీకె నాకు చెయ్యి రాదు, భవిత లెక్క ఉన్నదాన్ని ఎట్ల విడగొడ్త?" దుడ్డె జారకుండా నడుము కింద చెయ్యి వేసి పట్టుకున్నాను. "గుడ్డు లేకుండ చర్మాన్నే వెనుకకు నడిపిచ్చే దారి ఉన్నది. రేపటి సంది దాని మీదనే పడ్త. ఆదివారాలు గూడ వస్త."

"అదెప్పటికైతది? అందాక నా బిడ్డ చేతులు ఆగుతయా?"

"తెల్వదు సార్," అన్నాను. అబద్ధమాడాలని ఎంత అనిపించిందో నాకే తెలుసు.

"నువ్వు గాకుంటె ఇంకొకలు చేస్తరు," అన్నాడు. కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అన్నాడు, అదే ఎక్కువ కోసింది. నేను ఆయన ఉప్పు తింటున్నాను, ఆ పిల్ల నన్ను అక్కా అంటుంది, ఈ చేతులకు పని నేర్పింది ఈ కొట్టమే, ఇప్పుడు అదే చేతులను వెనక్కి తీసుకుంటున్నాను.

"డాడీ, నన్నెవలన్న అడిగిండ్రా?" అంది భవిత. ఇద్దరం తిరిగాం. దుడ్డె ఆమె వేళ్లను చప్పరిస్తోంది. "అక్కా, అది అచ్చం నాలెక్కనే ఉంటుండెనా?"

"నీ చెల్లె లెక్క ఉంటుండె. కవల చెల్లె."

"దానికి పేరేం పెడ్తుంటిరి?"

అడిగింది నన్ను కాబట్టి నేనే చెప్పాను. "పేరు పెట్టం భవితా. డిష్ మీద నంబర్ రాస్తం."

"నా చెల్లెకు నంబరా?" నవ్వుతుందనుకున్నాను, ప్రతిదానికీ జోకేసే పిల్ల, నవ్వలేదు. దుడ్డె నోట్లోంచి వేళ్లు తీయకుండానే తండ్రిని చూసింది. "నాకు నయం గావాలె డాడీ. జల్ది గావాలె. మస్తు భయమైతున్నది నాకు, రోజు పొద్దుగాల లేవంగనే వేళ్లు లెక్కవెట్టుకుంట. కని దాన్ని జంపి వద్దు."

రాఘవేందర్ సార్ గడ్డిలో కూర్చుండిపోయాడు. తడి చేతులు మోకాళ్ల మీద వేలాడుతున్నాయి. శంకరయ్య వచ్చి దుడ్డెను నా చేతుల్లోంచి తీసుకుని తల్లి దగ్గరికి నడిపించుకుపోయాడు, అది రెండుసార్లు పడింది, రెండుసార్లు లేచింది, భవిత మెడ చాపి చివరిదాకా చూసింది. నేను సార్ ముందే నిలబడి ఉన్నాను, పొమ్మంటే పోవడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన తలెత్తి తల్లి పొదుగు వెతుక్కుంటున్న దుడ్డెను చూశాడు, తర్వాత నన్ను.

"రేపు ఎన్నిగొట్టంగ వస్తవు జ్యోతీ?" అన్నాడు.

తెల్లారంగనే వస్తానని చెప్పాను.